వసూలు

కోర్టు జరిమానా వేస్తుంది. అది ఖజానాకు చేరినప్పుడే వసూలైందంటాం. ఈ మాట అరబ్బీది. అక్కడ దీని అర్థం చేరడం, అందడం. అదే ధాతువులోంచి పుట్టిన ‘వస్ల్’ ఉర్దూ గజళ్లలో ప్రియుల కలయిక. ఫారసీ దఫ్తరాల మీదుగా మనదాకా వచ్చేసరికి అది డబ్బు చుట్టూనే తిరగసాగింది: శిస్తు వసూలు, చందా వసూలు, సినిమా వసూళ్లు. నిబంధనలు మీరి కట్టిన ఇళ్ల మీద పడే జరిమానాల విషయంలో మాత్రం పాత అర్థాన్నే పట్టుకుని అడగాలి. చేరవలసింది ఏమిటి? ఎవరికి?

జరిమానాలో ‘జుర్మ్’ ఉంది, నేరం అని. దానికి మన పాత మాట దండుగ. దండమంటే కర్ర; అది శిక్ష అయింది, శిక్షగా కట్టే సొమ్మయింది, ఇవాళ వృథా ఖర్చుగా మిగిలింది. దండుగ కట్టినవాడి మాట, వసూలు రాబట్టినవాడి మాట. వెలుతురు పోగొట్టుకున్న పక్కింటివాడికి ఈ రెంటిలోనూ చోటు లేదు.

అర్థశాస్త్రం మూడో అధికరణంలో అతనికి చోటుంది. ఇంటి నీరు పోయే కాలువ పొరుగు స్థలానికి ఎంత ఎడంగా ఉండాలో, నీరు నిలవకుండా ఎలా పారాలో చెప్పి, అలా కట్టకపోతే 54 పణాల దండమంటాడు కౌటిల్యుడు. కొలత ముందు, పణాలు తర్వాత. ఆ వరస నాకెంతో నచ్చుతుంది.

కోర్టు వేసిన జరిమానాను రాబట్టే దారులు మన చట్టంలో గట్టివే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 421వ సెక్షన్, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 461. చరాస్తి జప్తు చేసి అమ్మవచ్చు. లేదా భూమి శిస్తు బకాయిలా రాబట్టమని కలెక్టరుకు వారంటు పంపవచ్చు. గడువు ఆరేళ్లు. మనిషి పోయినా అతని ఆస్తి మీద బాధ్యత పోదు.

మున్సిపాలిటీలు తేలిక దారి చూసుకున్నాయి. అనుమతి లేని కట్టడమైతే ఉల్లంఘనను బట్టి ఆస్తి పన్ను మీద 25 నుంచి 100 శాతం దాకా అదనంగా వేస్తారు. అది కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం కాదని చట్టం చెబుతూనే ఉంటుంది. ఆ తర్వాత క్రమబద్ధీకరణ పథకాలు: ఉమ్మడి రాష్ట్రంలో 2007 చివర బీపీఎస్ (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్), తెలంగాణలో 2015లో బీఆర్‌ఎస్ (బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్). అపరాధ రుసుము అన్నారు. రుసుమంటే మామూలుగా చెల్లించే ఫీజు. అపరాధం పక్కన ఆ మాట చేరగానే తప్పుకు ధర పలికినట్టయింది. అదనపు అంతస్తు వేసే బిల్డరు ఆ ధరను ముందే లెక్కలో కలుపుకుంటాడు.

ఇరుకు సందులో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. గోడకు గోడ ఆనుకుంది. పక్కింటి వంటగదిలో పట్టపగలే ట్యూబులైటు వేసుకుంటారు. పైవాళ్ల సన్‌షేడ్ మీద పడ్డ వాన వీళ్ల కిటికీలోకి కొడుతుంది. వదలాల్సిన ఖాళీ వదిలి ఉంటే అక్కడ గాలి ఆడేది, మంటలొస్తే ఫైరింజను పైపు పట్టుకుని మనిషి దూరేవాడు. రుసుము ఖజానాకు చేరింది. ఈ ఖాళీ ఎవరికీ చేరలేదు.

సినిమా బాగుంటే ‘పైసా వసూల్’ అంటాడు ప్రేక్షకుడు. టికెట్టు డబ్బు తన జేబులోంచే పోయింది, అయినా వసూలైందంటాడు. తనకు రావలసింది తనకు అందిందని. వసూలుకు పాత అర్థం ఆ సామాన్యుడి నోట్లోనే బతికి ఉంది. ఆ సందులోవాళ్లు ఆ మాట అనగలిగినప్పుడే జరిమానా వసూలైనట్టు.

2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఈ దిక్కుగానే అడుగు వేసింది. ఏళ్లు గడిచాయనో, డబ్బు పెట్టామనో అక్రమ కట్టడం సక్రమం కాబోదంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) చూపించందే కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వొద్దని ఆదేశించింది. ఓసీ ఇచ్చే ముందు అధికారి టేపు పట్టుకుని ఆ సందులోకి వెళ్లి కొలవాలి.