రెండు చుక్కల కథ

మా అపార్టుమెంటులో 32 ఫ్లాట్లున్నాయి. నెలనెలా మెయింటెనెన్సు డబ్బు వసూలు చేసి లెక్క రాసే ఉద్యోగం మూడేళ్ళుగా నాదే. ఉద్యోగమంటే జీతం కూడా ఉందనుకునేరు! "మీరైతే ఓపిగ్గా చూస్తారండీ" అంటూ అందరూ కలిసి నా నెత్తిన పెట్టిన గౌరవం అది. ఐదో తారీకు వచ్చిందంటే ఒక పక్క ఫ్లాట్ల జాబితా, ఇంకో పక్క డబ్బు కట్టినవాళ్ళ జాబితా పెట్టుకుని, పెన్సిలుతో ఒక్కొక్కటే టిక్కు పెడుతూ కూర్చునేదాన్ని. కట్టనివాళ్ళెవరో తేలేలోగా పొయ్యిమీద పాలు పొంగిపోయేవి. ఒకసారి డబ్బు కట్టినావిడకే కట్టలేదని కబురు పంపి, లిఫ్టులో ఆవిడ మొహం చూడలేక వారం రోజులు మెట్లెక్కాను.

నా అవస్థ చూసి మా అక్క మనవరాలు నవ్వింది. అది పదకొండో తరగతి చదువుతోంది. బళ్ళో కంప్యూటరు పాఠం కింద 'పైథాన్' నేర్పుతున్నారట.

"చిన్నమ్మమ్మా, దీనికి పైథాన్‌లో నాలుగైదు లైన్లు చాలు."

"అయితే రాసిపెట్టవే తల్లీ, నీకు పుణ్యముంటుంది."

"ఊఁహూఁ. నేను పక్కన కూచుంటాను. నువ్వే రాయాలి."

నా గుండె గుభేలుమంది. దానికో పాత కారణం ఉంది.

1991లో, పెళ్ళయి నాలుగేళ్ళయ్యాక, నేనూ కంప్యూటరు నేర్చుకుందామని సరదాపడి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. అక్కడ 'బేసిక్' అనే భాష చెప్పేవారు. చుట్టూ ఇంటరు పిల్లలు. వాళ్ళ మధ్య చీరకట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే. పన్నెండో రోజున బోర్డుమీద 'ఫర్' అని మొదలయ్యే లైనొకటి, దాని కింద మరి మూడు లైన్లు రాశారు. నాకు సందేహం వచ్చింది. "సార్, 'ఫర్' అన్నది ఆ ఒక్క లైనుకేనా, కింద లైన్లక్కూడానా?" అని అడిగాను. ఆయన పిల్లలవైపు తిరిగి, "ఆంటీగారికి వంటిల్లే నయం" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. పదమూడో రోజు వెళ్ళలేదు. ఫీజు పోయిందని మావారు కొన్నాళ్ళు సణిగారు. పోయింది ఫీజొక్కటే కాదని ఆయనకీ చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడీ పిల్ల పక్కన కూచుని మళ్ళీ అదే 'ఫర్' దగ్గరికి వచ్చాను! అది చెప్పింది తెలుగులో చెప్పాలంటే ఇంతే:

ప్రతి ఫ్లాటుకీ:
    ఆ ఫ్లాటు కట్టినవాళ్ళలో లేకపోతే:
        దాని నంబరు చూపించు

మొదటి లైను చివర రెండు చుక్కలు. మన 'దుఃఖం'లో ఉండే విసర్గలాంటివి. తరవాతి లైను కాస్త లోపలికి జరిపి రాయాలి. మళ్ళీ చుక్కలు, మళ్ళీ లోపలికి. "ఈ చుక్కలెందుకే?" అన్నాను, నోరు జారినట్టుగా. అది నవ్వలేదు. "మంచి ప్రశ్నే. పెట్టమన్నారు, పెడుతున్నాం. ఎందుకో నాకూ తెలీదు" అంది. తెలీదని అంత తేలిగ్గా ఒప్పుకున్న గురువుని నేను చూడటం అదే మొదలు. ఆ రాత్రి ఇద్దరం కూచుని ఆ చుక్కల పుట్టుపూర్వోత్తరాలు వెతికాం. తీగ లాగితే డొంకంతా కదిలింది.

కథ బేసిక్‌తోనే మొదలవుతుంది. అప్పట్లో కంప్యూటరంటే గదినిండా ఉండే యంత్రం. చేయవలసిన పనిని అట్టముక్కలమీద చిల్లులుగా పొడిచి ఆపరేటరు చేతికిచ్చి, ఫలితం కోసం గంటలకొద్దీ కాచుక్కూచోవాలి. తప్పు వస్తే మళ్ళీ మొదటికే. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అని ఇద్దరు లెక్కల మాస్టార్లుండేవారు. కెమెనీ హంగరీలో పుట్టి అమెరికా చేరినవాడు. ఒకప్పుడు ఐన్‌స్టీన్‌కి లెక్కల్లో సహాయకుడిగా పనిచేశాడు. సైన్సు చదివేవాళ్ళకే కాదు, సాహిత్యం చదివే కుర్రాడిక్కూడా కంప్యూటరు అందుబాటులోకి రావాలని వాళ్ళ పట్టుదల. 1964 మే 1న, తెల్లవారుజామున నాలుగు గంటల వేళ, వాళ్ళు తయారుచేసిన బేసిక్ మొట్టమొదటిసారి పనిచేసింది. ఆ పేరులో మొదటి అక్షరం 'బిగినర్' అన్న మాటకి గుర్తు. అంటే, కొత్తగా నేర్చుకునేవాడు. యంత్రం ముందు కూచోగానే 'హలో' అని కొట్టాలి, లేచేటప్పుడు 'గుడ్‌బై' అనాలి. ఎంత మర్యాద! అయితే ఆ 'అందరిలో' ఆడపిల్లలు లేరు. ఆ కాలేజీ వాళ్ళని డిగ్రీ విద్యార్థులుగా 1972లోగాని చేర్చుకోలేదు.

ఇక నన్ను క్లాసులోంచి పంపించేసింది కూడా ఆ బేసిక్ క్లాసే. భాష మర్యాదస్తురాలే, చెప్పేవాళ్ళు అలా ఉండాలని లేదుగా!

తరవాత రోజుల్లో 'స్క్రిప్టింగ్ భాష'లని ఇంకో తెగ బయల్దేరింది. పెద్దపెద్ద కార్యాలకి కాదు, ఇంటి పనుల్లాంటి చిల్లర పనులకి ఇవి. జాబితాలో మూడో వరస ఏరిపెట్టు, వంద కాగితాల్లో ఒక పేరు మార్చు, అలాంటివన్నమాట. వంటమనిషికి చీటీ రాసిచ్చినట్టు వరసగా రాసిస్తే, ఒక్కో లైనే చదువుకుంటూ చేసుకుపోతుంది. 1977లో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో ముగ్గురు కలిసి 'ఆక్' అనేది చేశారు. 1987లో లారీ వాల్ అనే ఆయన 'పెర్ల్' చేశాడు. పనిమంతులే గాని, కొత్తవాళ్ళు చూస్తే పిచ్చుక కాళ్ళలా కనిపించే రాత అది.

ఈలోగా హాలండులో, ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో, లాంబర్ట్ మీర్టెన్స్, లియో గర్ట్స్ అని ఇద్దరు 1975 నుంచీ మరో దారిలో ఆలోచిస్తున్నారు. బేసిక్ నేర్చుకోవడం సులువే. కాని రాసేది పెద్దదయ్యేకొద్దీ చిక్కుపడిపోతుంది. నేర్చుకోవడానికీ వాడుకోవడానికీ కూడా సులువుగా ఉండే భాష కావాలి. అందుకోసం వాళ్ళు చేసిన ప్రయత్నమే తరవాత 'ఏబీసీ' అనే పేరు పెట్టుకుంది. దాన్ని ఒకసారి రాసి ఊరుకోలేదు. మార్చి మార్చి రాశారు.

అసలు సంగతి ఇక్కడుంది. 1978లో పోలండులో, యబ్లొన్నా అనే ఊళ్ళో, ఒక పాత భవంతిలో నలుగురు పండితులు సమావేశమయ్యారు. మీర్టెన్స్, జాక్ ష్వార్ట్జ్, పీటర్ కింగ్, రాబర్ట్ డ్యూవార్. కొత్త భాషలో రాత ఎలా ఉండాలన్నది వాళ్ళ చర్చ. అంకెల్ని చిన్నా పెద్దా వరసలో పేర్చే పనినే రకరకాల పద్ధతుల్లో కాగితాలమీద రాసుకున్నారు. ఏది తేలిగ్గా అర్థమవుతుందో ఎంతకీ తేలలేదు. నలుగురు పండితులు కూచుంటే తేలుతుందా మరి! చివరికి డ్యూవార్ గారి భార్య కారిన్‌ని గదిలోంచి పిలిచి, ఈ రాతలు చూపించి, నీ అభిప్రాయం చెప్పమన్నారు.

మొదటి కాగితం గురించి ఆవిడకి వివరించారు. ఆవిడ విని ఆశ్చర్యంగా అడిగిందట: 'ఫర్' అన్న లైనులో చెప్పింది ఆ ఒక్క లైనుకే కాదా? కింద లైన్లన్నిటికీ వర్తిస్తుందనా మీరనేది?

చదువుతూ ఇక్కడికొచ్చేసరికి నాకు కాసేపు నోట మాట రాలేదు. ఇది నా ప్రశ్న! అక్షరాలా నా ప్రశ్నే!

ఆ నలుగురూ ఆవిడ మాటని తోసిపుచ్చలేదు. తప్పు ఆవిడది కాదు, తమ రాతదని గ్రహించారు. లైను చివర రెండు చుక్కలు పెట్టి ఉంటే, 'ఇక్కడితో అయిపోలేదు, కింద ఇంకా ఉంది' అని చూడగానే తెలిసేది కదా అనుకున్నారు. అలా వచ్చి చేరాయి ఆ చుక్కలు.

ఇందులో ఏముంది అంత గొప్ప అంటారేమో. మన ఇంట్లోనే చూడండి. ఆవకాయల రోజుల్లో పనమ్మాయికి, "ప్రతి జాడీ కడుగు, తుడువు, ఎండలో పెట్టు" అని చెప్పి గుడికి వెళ్ళామనుకోండి. 'ప్రతి' అన్నది కడగడానికే అనుకుని, జాడీలన్నీ కడిగి, చివరిదొక్కటే తుడిచి ఎండలో పెడితే? మిగిలినవాటిలో ఆవకాయ బూజు పట్టదూ? అది పనమ్మాయి తెలివితక్కువతనం కాదు, మనం చెప్పడంలో లోపం. చుక్కలూ, లోపలికి జరిపి రాయడమూ ఆ లోపాన్ని పూడ్చడానికే. 'ప్రతి జాడీకీ' అన్నదాని కింద లోపలికి జరిగిన పనులన్నీ ప్రతి జాడీకీ చేయాలి. మళ్ళీ అంచుకి వచ్చిన పని అన్నీ అయ్యాక ఒక్కసారే చేయాలి.

పాపం, ఏబీసీ భాష లోకంలో పెద్దగా చెలామణీ కాలేదు. కాని ఆ బృందంలో పనిచేసిన ఖీడో వాన్ రాసమ్ అనే యువకుడు దాన్ని మరిచిపోలేదు. 1989 క్రిస్మస్ సెలవుల్లో ఆఫీసు మూసేస్తే, ఊరికే కూచోలేక ఇంట్లో కొత్త భాషొకటి మొదలుపెట్టాడు. అదే పైథాన్. కొండచిలువ కాదండోయ్, 'మాంటీ పైథాన్' అనే ఇంగ్లీషు హాస్య కార్యక్రమం పేరది. ఏబీసీలోంచి లోపలికి జరిపి రాయడాన్నీ, ఆ రెండు చుక్కల్నీ తెచ్చి ఇందులో పెట్టుకున్నాడు. నిజానికి యంత్రానికి చుక్కలు అంత అవసరం లేదు. లైను లోపలికి జరిగితే దానికి తెలుస్తుంది. చుక్కలు చదివే మనిషి కోసం. పైథాన్‌ని ఆయన లోకానికి ఇచ్చింది 1991 ఫిబ్రవరిలో. నేను క్లాసు మానేసిన ఏడే!

1999లో, అమెరికాలో ఉండగా, ఆయన మరో ఆలోచన చేశాడు. చదవడం, రాయడం వచ్చినట్టే ప్రతివాళ్ళకీ ప్రోగ్రాం రాయడం కొంతైనా రావాలని ఒక పథకం తయారుచేసి, అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థని డబ్బడిగాడు. వాళ్ళు కొంత ఇచ్చారు, అది త్వరలోనే అయిపోయింది. కాని కొత్తవాళ్ళు రాసుకోవడానికని ఆ రోజుల్లో తయారుచేసిన 'ఐడిల్' అనే పలక ఈనాటికీ పైథాన్‌తోబాటే వస్తోంది. నేను రాసింది దానిమీదే. 2014 జూలైలో బెర్లిన్‌లో ఇద్దరు పోలండు అమ్మాయిలు, ఓలా సిటార్స్కా, ఓలా సెండెట్స్కా, ఎన్నడూ ప్రోగ్రాం రాయని ఆడవాళ్ళని కూచోబెట్టి, పక్కన మనిషిని పెట్టి నేర్పే 'జాంగో గర్ల్స్' మొదలుపెట్టారు. తరవాత అది ఎన్నో దేశాలకి పాకింది.

ఇంకొక్క ముచ్చట. పూర్వం ఆ చుక్కలు పెట్టడం మరిచిపోతే పైథాన్ 'రాత తప్పు' అని మాత్రం కసిరి ఊరుకునేది. ఏం తప్పో మనమే దేవులాడుకోవాలి. 2021 అక్టోబరులో వచ్చిన 3.10 రకం నుంచీ, 'ఇక్కడ రెండు చుక్కలు ఉండాలి' అని వేలు పెట్టి చూపిస్తోంది. యంత్రమైనా కసరడం మాని చెప్పడం నేర్చుకుంది, కొందరు మాస్టార్లకన్నా నయం.

సరే, నా లెక్క సంగతి. తెల్లారి నేనే స్వయంగా రాసి నడిపించాను. తెరమీద బిలబిలా నంబర్లు వచ్చి పడ్డాయి. 32కి 32! సెక్రటరీగారితో సహా ఒక్కరూ డబ్బు కట్టలేదట! "చూశావా, నాకు రాదని చెప్పానా" అన్నాను, ముప్పై ఏళ్ళ నాటి వేడి చెవులకెక్కుతుండగా.

ఆ పిల్ల నా చేతిలోంచి కీబోర్డు లాక్కోలేదు. "ఒక్క ఫ్లాటే తీసుకో. రెండు జాబితాల్లోనూ అది ఎలా ఉందో చూపించమను" అంది. చూపించమన్నాను. ఒకదాంట్లో 101 అని ఉంది. ఇంకోదాంట్లో అదే 101కి అటూ ఇటూ కొటేషన్ గుర్తులున్నాయి. బ్యాంకు కాగితంలోంచి వచ్చినవి అక్షరాలు, నేను కొట్టినవి అంకెలు. మనకి రెండూ ఒకటే; యంత్రానికి 'వంద' అన్న మాటా, వంద అనే అంకే వేరువేరు. "అందరూ చేసే తప్పే ఇది. మా క్లాసులో నేనూ చేశాను" అంది అది.

ఆ ఒక్క మాట 1991లో ఎవరైనా నాతో అని ఉంటే! అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. నిజమే. కాని అడిగినప్పుడు నవ్వితే, ఆ మనిషి మళ్ళీ ఆకలేస్తోందని కూడా చెప్పదు. కారిన్‌ని అడిగి, విని, చుక్కలు పెట్టారు వాళ్ళు. నన్ను నవ్వి పంపించారు. ప్రశ్న ఒకటే.

అక్షరాల్ని అంకెలుగా మార్చి మళ్ళీ నడిపించాను. ఈసారి మూడే నంబర్లు వచ్చాయి. కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చూశాను. మొదటి రెండూ ఎప్పుడూ ఆలస్యం చేసేవాళ్ళవే.

మూడోది మాది. మావారు ఈ నెల డబ్బు కట్టడం మరిచిపోయారు!