డ్రోన్‌తో సెన్సర్లకు సిగ్నల్: ఆధారాలు ఎంతవరకు?

పెద్ద కమతంలో నేల తేమ కొలిచే సెన్సర్లు పాతిన కొత్తలో అన్నీ చక్కగానే పలుకుతాయి. పైరు ఏపుగా ఎదిగాక దూరాన ఉన్నవి ఒక్కొక్కటిగా మూగబోతాయి. పరికరం చెడిందనుకుంటాం గానీ, చాలాసార్లు చిక్కు సిగ్నల్ వెళ్లే దారిలో ఉంటుంది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర కిలోమీటరు దూరం సిగ్నల్ సాఫీగా సాగాలంటే నడిమధ్యలో చూపుగీత చుట్టూ దాదాపు 9 మీటర్ల మేర అడ్డు ఉండకూడదు. అందులో 60 శాతం దక్కినా పని గడుస్తుంది. మోకాలెత్తు కర్రకు కట్టిన సెన్సర్‌కు ఆపాటి ఖాళీ ఎక్కడిది? పైగా నిలువెత్తు మొక్కజొన్న ఆకుల్లోని నీరు కొంత సిగ్నల్‌ను పీల్చేస్తుంది.

డ్రోన్ ఈ అడ్డును పైనుంచి తప్పిస్తుంది. తిరిగే వాహకాలతో రీడింగులు పోగుచేసే ‘డేటా మ్యూల్స్’ నమూనాను 2003లోనే ప్రతిపాదించారు. అందులోని బేరం ఇది: సెన్సర్ బ్యాటరీ మిగులుతుంది, సమాచారం ఆలస్యమవుతుంది. నేల తేమ రోజుకోసారి తెలిసినా చాలు. మోటారు ఆగిన కబురు మాత్రం అప్పటికప్పుడు అందాలి.

ఎత్తు సంగతీ తేలిక కాదు. పైకి పోయేకొద్దీ అడ్డు తగ్గుతుంది, కానీ దూరం రెట్టింపైతే సిగ్నల్ 6 డెసిబెల్స్ పడిపోతుంది. ఎగిరే ప్రసార పరికరాలకు 2014లో అల్-హౌరానీ అనే పరిశోధకుడి బృందం లెక్కగట్టిన మేలైన ఎత్తు నగర భవనాలకు సంబంధించింది. చెరకు తోటకు దాన్ని అలాగే అన్వయించలేం. అంతకన్నా పెద్ద చిక్కు, సెన్సర్ నిద్ర. బ్యాటరీ ఆదాకు అది ఎక్కువసేపు రేడియో ఆపేసుకుంటుంది, డ్రోన్ వచ్చే వేళకే మేలుకోవాలి. ఆ పూట గాలి హెచ్చి డ్రోన్ లేవకపోతే, మేలుకున్నదంతా వృథా.

ఈ చర్చలో ప్రస్తావించదగినది మైక్రోసాఫ్ట్ వ్యవసాయ ప్రాజెక్టు ‘ఫామ్‌బీట్స్’. 2017 నాటి దాని పరిశోధన పత్రం వాషింగ్టన్, న్యూయార్క్ రాష్ట్రాల్లోని రెండు పొలాల్లో ఆరు నెలల అనుభవాన్ని వివరించింది. జాగ్రత్తగా చదివితే, అక్కడ పొలానికీ ఇంటికీ లంకె వేసినవి వాడుకలో లేని టీవీ చానళ్ల తరంగాలు. డ్రోన్ తీసింది ఫొటోలు. వాటిని కొద్దిపాటి సెన్సర్ల రీడింగులతో కలిపి పొలమంతటికీ పటం గీశారు. అంటే డ్రోన్ సిగ్నల్‌ను పెంచలేదు, సెన్సర్ల అవసరాన్నే తగ్గించింది. నా దృష్టిలో అసలు ఫలితం ఇదే.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టార్లు, తెలంగాణలో 1 హెక్టారు. ఇలాంటి చోట ఎత్తయిన స్తంభం మీద సెన్సర్ల సందేశాలు అందుకునే ఒక గేట్‌వే పెట్టి, పలువురు రైతులు పంచుకోవడమే ముందు చూడదగిన దారి. పిచికారీ డ్రోన్‌కే రిసీవర్ తగిలిద్దామంటే, అది పైరుకు రెండు మూడు మీటర్ల పైనే ఎగురుతుంది, సీజన్‌లో కొన్నిసార్లే వస్తుంది. కొనేముందు అమ్మేవాళ్లను అడగాల్సిన లెక్క ఒకటుంది: అదే పొలంలో, పైరు మోకాలెత్తున ఉన్నప్పుడూ కంకి వేశాకా, స్తంభానికి నూటికి ఎన్ని సందేశాలు చేరాయి, డ్రోన్‌కు ఎన్ని చేరాయి?