ఏఎస్ రావు నగర్ ఇంధనం కథ: బొగ్గు లేని కరెంటు, పెట్రోల్ బండ్లు

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఫుడ్ ఆర్డర్ చేసిన ప్రతిసారీ అడ్రస్‌లో 'ఏఎస్ రావు నగర్' అని టైప్ చేస్తాం కదా, ఆ ఏఎస్ రావు ఎవరు? నిజం చెప్పాలంటే బీటెక్ అయిపోయి, ఉద్యోగంలో చేరేదాకా నాకూ తెలీదు. ఎవరో లీడర్ అయి ఉంటారులే అనుకునేవాణ్ని.

ఆయన పేరు అయ్యగారి సాంబశివరావు. 1914లో, ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. బనారస్‌లో ఫిజిక్స్, ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగ్ చదివి, తిరిగొచ్చి హోమీ భాభా టీమ్‌లో చేరారు. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో మన దేశపు మొదటి రియాక్టర్ 'అప్సర' స్టార్టయింది. దాని కంట్రోల్ సిస్టమ్ చేసింది రావు గారి టీమ్. ఆ ఎలక్ట్రానిక్స్ పనినే ఫ్యాక్టరీ స్థాయికి తేవడానికి 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పెట్టారు. మొదటి మేనేజింగ్ డైరెక్టర్ ఆయనే. ఈసీఐఎల్ అంటే మన పేరెంట్స్‌కి ఈసీ టీవీ, మనకి ఓటింగ్ మెషీన్ గుర్తొస్తాయి. అసలు పుట్టింది మాత్రం రియాక్టర్ల కోసం. ఉద్యోగుల ఇళ్లతో మొదలైన కాలనీకి ఆయన పేరు పెట్టుకున్నారు.

ఇవాళ్టి కథలో రెండో క్యారెక్టర్ ఈసీఐఎల్ పక్కనే ఉంటుంది. 1971లో మొదలైన ఎన్‌ఎఫ్‌సీ, అంటే అణు ఇంధన సముదాయం. జార్ఖండ్‌లోని జాదుగుడ నుంచి పసుప్పచ్చ పొడి రూపంలో యురేనియం ఇక్కడికొస్తుంది. దాన్ని శుద్ధి చేసి, చిన్న చిన్న పెల్లెట్లుగా నొక్కి, బట్టీలో కాలుస్తారు. వాటిని జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాల్లో నింపి సీల్ చేస్తారు. జిర్కోనియమే ఎందుకంటే అది న్యూట్రాన్లని పెద్దగా మింగదు. అలాంటి 19 గొట్టాలు కలిపి కడితే ఒక బండిల్. పొడవు అర మీటరే. బరువు చూస్తే మన ఇంట్లో నిండు గ్యాస్ సిలిండర్ కన్నా తక్కువ.

ఇక్కడ నా ఇంజనీర్ బుద్ధి ఊరుకోలేదు, లెక్క వేశా. ఒక బండిల్‌లో సుమారు 13 కిలోల యురేనియం ఉంటుంది. రియాక్టర్‌లోంచి బయటికి తీసేలోపు అది దాదాపు ఆరు లక్షల యూనిట్ల కరెంటు ఇస్తుంది. అంత కరెంటు బొగ్గుతో తీయాలంటే మన బొగ్గు ఒక 400 టన్నులు కాల్చాలి. మౌలాలి గేటు దగ్గర గూడ్స్ బండి వెళ్లేటప్పుడు వ్యాగన్లు లెక్కపెట్టే అలవాటుందా? ఆరేడు వ్యాగన్లన్నమాట. ఒక 220 మెగావాట్ల రియాక్టర్‌లో ఇలాంటి బండిల్స్ 3,672 పడతాయి.

ఇదంతా సాఫీగా జరిగిందనుకోకండి. రాజస్థాన్‌లోని రావత్‌భాటాలో మొదటి రియాక్టర్‌ని కెనడా సాయంతో కట్టారు. మొదటి విడత ఇంధనంలో సగం అక్కడి నుంచే వచ్చింది. 1974 మే 18న పోఖ్రాన్‌లో బాంబు పరీక్ష జరిగింది. కెనడా ఉన్నపళంగా చేతులు దులిపేసుకుంది. డ్రాయింగ్స్ లేవు, పార్టులు లేవు, ఇంధనం లేదు. మన ఆఫీసుల్లో వెండర్ సపోర్ట్ ఆగిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి, ఇది దేశం సైజులో. అప్పటికి మూడేళ్ల వయసున్న మన ఎన్‌ఎఫ్‌సీ మీద ఆ భారం పడింది. అది మోసింది కూడా. కర్ణాటకలోని కైగా మొదటి యూనిట్ 2018 డిసెంబర్ 31 దాకా, ఒక్కసారి కూడా ఆగకుండా 962 రోజులు నడిచి ప్రపంచ రికార్డు కొట్టింది. రియాక్టర్ నడుస్తుండగానే పాత బండిల్ తీసి కొత్తది పెట్టే డిజైన్ కాబట్టి అది సాధ్యమైంది. ఆ ఇంధనం వెళ్లింది మన దగ్గర్నుంచే.

సరే, గర్వపడటం అయింది. ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని భాగం.

ఈ రియాక్టర్లకి భారజలం కావాలి. అది తయారయ్యే చోట్లలో ఒకటి మన మణుగూరు దగ్గర, అశ్వాపురంలో ఉంది. గోదావరి నీళ్లు తీసుకుంటారు, ప్లాంట్ నడపడానికి కావలసిన ఆవిరి కోసం బొగ్గు మండిస్తారు. అంటే బొగ్గు లేని కరెంటు వెనకాల కూడా బొగ్గు ఉంది. వచ్చే కరెంటుతో పోలిస్తే తక్కువే, కానీ ఉంది.

ఇంకోటి, యురేనియం తవ్వకం. కడప జిల్లా తుమ్మలపల్లె గని చుట్టుపక్కల ఊళ్ల రైతులు బోరు నీళ్లు పాడయ్యాయని ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. 2019లో నల్లమలలో యురేనియం కోసం సర్వే అనగానే చెంచులు, రైతులు, సినిమా వాళ్లు, మనలాంటి స్టూడెంట్లు అందరూ కదిలారు. సెప్టెంబర్ 16న తెలంగాణ అసెంబ్లీ తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. అప్పుడు నేనూ 'సేవ్ నల్లమల' స్టేటస్ పెట్టా. పెట్టింది ఎక్కడ కూర్చుని? యురేనియం బండిల్స్ తయారయ్యే ఫ్యాక్టరీకి కూతవేటు దూరంలో. స్టేటస్ పెట్టినందుకు ఇప్పటికీ చింత లేదు. కానీ క్లీన్ అనే మాట ఎవరి ఊరి లెక్కలో అని అడగడం ఆ తర్వాతే నేర్చుకున్నా.

దేశం మొత్తం కరెంటులో అణు విద్యుత్ ఇప్పటికీ మూడు శాతం దగ్గరే. మీ స్కూటర్‌ని రాత్రి ఛార్జింగ్ పెడితే అందులోకి వెళ్లేది ఎక్కువగా సింగరేణి బొగ్గే. 'మరి ఎలక్ట్రిక్ ఎందుకు బ్రో?' అంటారా, దానికీ లెక్కుంది. లీటర్ పెట్రోల్‌లో ఉండే శక్తి దాదాపు 9 యూనిట్లు. ఆ లీటర్‌తో మామూలు స్కూటీ ఒక 45 కిలోమీటర్లు వెళ్తుంది. అదే శక్తి ఉన్న బొగ్గుని ప్లాంట్‌లో కాలిస్తే మూడింట రెండు వంతులు వేడిగా పోయి మనకొచ్చేది మూడు యూనిట్లు. యూనిట్‌కి 30 వేసుకున్నా ఎలక్ట్రిక్ స్కూటర్ 90 కిలోమీటర్లు పోతుంది. లైన్లో, ఛార్జర్‌లో కొంత పోయినా పెట్రోల్ కన్నా చాలా నయం. పైగా 2024 నవంబర్ నుంచి తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు తీసేశారు.

అయితే స్కూటర్ మార్చడం కన్నా స్కూటర్ తీయకుండా వెళ్లగలగడం ఇంకా మేలు. 2017 నవంబర్‌లో నాగోల్, ఉప్పల్ మీదుగా మెట్రో వచ్చింది. మన నగర్‌కి రాలేదు. మౌలాలి నుంచి సనత్‌నగర్ వైపు ఎంఎంటీఎస్ 2024 మార్చిలో మొదలైంది. ట్రైన్లు తక్కువ, స్టేషన్‌కి వెళ్లడానికే ఒక బండి కావాలి. కాబట్టి పొద్దున ఎనిమిదిన్నరకి ఈసీఐఎల్ చౌరస్తాకి రండి. ఒకపక్క బొగ్గు లేని కరెంటుకి కంట్రోల్ సిస్టమ్స్ చేసే కంపెనీ, ఇంకోపక్క సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపకుండా నిలబడ్డ వందల పెట్రోల్ బండ్లు. ఆ బండ్లలో ఒకటి మొన్నటి దాకా నాది.

ఇప్పుడు నేను మెట్టుగూడ దాకా ఆర్టీసీ బస్సు ఎక్కి, అక్కడ మెట్రో పట్టుకుంటున్నా. బండి మీద వెళ్లినదానికన్నా టైమ్ ఎక్కువే పడుతోంది, వానొస్తే మరీనూ. నెల రోజులు టైమ్, ఖర్చు రెండూ రాసి పెట్టా, ఆ షీట్ నెక్స్ట్ ఎపిసోడ్‌లో చూపిస్తా. మీరు కాప్రా, కుషాయిగూడ, చర్లపల్లి నుంచి ఎలా వెళ్తున్నారో చెప్పండి, అవి కూడా కలిపి చూద్దాం. ఉంటా మరి.