తొలకరి ఉసిళ్లు: ఏ పుట్టవి తినవచ్చు, ఏ పుట్టవి వదిలేయాలి

ముంగారు తొలి వానలు పడిన సాయంత్రాల్లో ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఎర్ర నేలల్లో పుట్టల నుంచి ఉసిళ్లు లేస్తాయి. వీటిని పట్టి వేయించుకుని తినడం పల్లెల్లో పాత అలవాటే. తినదగిన పురుగే, రుచిగానూ ఉంటుంది. అయితే పొలాల్లో చెదలకు మందు వేస్తున్న ఈ రోజుల్లో ఏ పుట్టవి పడుతున్నామో చూసుకోవాలి.

ఉసిళ్లు వేరే పురుగు కాదు, చెదలలో రెక్కలు వచ్చినవే. వేరుశెనగ వేళ్లను, కాయలను కొరికేవి రెక్కల్లేని కూలి చెదలు. ఉసిళ్లు పైరును ముట్టవు. నేల తడిసి గాలిలో తేమ పెరిగినప్పుడు బయటికొచ్చి, కాసేపు ఎగిరి, రెక్కలు రాల్చుకుంటాయి. ఆ తర్వాత ఆడ, మగ జతగా నేలలోకి దిగుతాయి. చాలా వరకు కప్పలు, బల్లులు, పక్షుల పాలవుతాయి. బతికిన జంట కొత్త గూడు పెడుతుంది. ఆ గూటి నుంచి ఉసిళ్లు లేవడానికి కొన్నేళ్లు పడుతుంది.

నేలలో ఏళ్ల తరబడి పెరిగి ఒక్కసారిగా బయటపడే పురుగులు ఇంకా ఉన్నాయి. అమెరికాలో కొన్ని రకాల చిమ్మెటలు 13 లేదా 17 ఏళ్లకు ఒకసారి వస్తాయి. మేఘాలయలోని రి-భోయ్ జిల్లాలో నాలుగేళ్లకోసారి వచ్చే చిమ్మెటలను అక్కడివారు పట్టుకుని తింటారు. మన ఉసిళ్లు మాత్రం ముదిరిన పుట్టల నుంచి ఏటా వస్తాయి.

ఇక అసలు సంగతి. చెదలకు క్లోరిపైరిఫాస్ వంటి మందు పోసిన పుట్ట, మందు కలిపిన పొలం, పత్తి చేను గట్టు, ఇంటి పునాదికి చెదల మందు కొట్టించిన చోటు: వీటి దగ్గర లేచిన ఉసిళ్లను తినకండి. వేయించినా మందు విషం పోతుందని నమ్మడానికి లేదు. పక్క రైతు ఏం వేశాడో అడగండి. తెలియకపోతే ఆ పుట్ట వదిలేయండి. ఎర్ర గొంగళి రెక్కల పురుగుల కోసం పెట్టిన దీపపు ఎరలో పడినవీ వద్దు, ఆ నీళ్లలో కిరోసిన్ ఉంటుంది.

మంచి పుట్టవైతే ఆ రాత్రే పొడి పెనం మీద వేయించి, చాటలో చెరిగి రెక్కలు తీసేయండి. ఉప్పు, కారం చల్లి బొరుగుల్లో కలుపుకోవచ్చు. వీటిలో కొవ్వు ఎక్కువ, నిల్వ ఉంచితే ముక్క వాసన వస్తుంది. రొయ్యలు, పీతలు పడనివారికి ఇవీ పడకపోవచ్చు, వారు తినకపోవడమే మంచిది.

తిన్నాక వాంతులు, చొంగ కారడం, విపరీతమైన చెమట, చూపు మసకబారడం కనిపిస్తే ఇంటి వైద్యాలతో ఆలస్యం చేయకండి. 108కి ఫోన్ చేయండి. మందు డబ్బా దొరికితే ఆసుపత్రికి వెంట తీసుకెళ్లండి.

పుట్ట కనిపించిందని ప్రతిదానికీ మందు పోయనక్కర్లేదు. గట్టు మీది పుట్టతో పైరుకు నష్టం లేకుంటే అలాగే ఉండనివ్వండి. వేరుశెనగ పొలంలో మాత్రం బాగా చివికిన పశువుల ఎరువే వేయండి, పాత మోళ్లు ఏరేయండి, కాయ ముదరగానే పీకండి. చెదలు గీకిన కాయలోకి బూజు సులువుగా చేరి అఫ్లాటాక్సిన్ విషం తయారవుతుంది. అలాంటి కాయలను వేరు చేసి పారేయండి, పశువులకు కూడా పెట్టకండి.