స్పీడ్ లిమిట్: దొనకొండలో బండి ఎంత వేగం దాటకూడదు? రూల్స్ ఇవే..

ప్రకాశం జిల్లా దొనకొండ లాంటి ఊళ్ల మీదుగా పోయే మామూలు రోడ్లకు కేంద్రం 2018 ఏప్రిల్‌లో గరిష్ఠ వేగాన్ని ఖరారు చేసింది. గంటకు కార్లు 70, బైకులు, లారీలు 60, ఆటోలు 50 కిలోమీటర్లు దాటకూడదు. అయితే బడి, సంత, వంతెన దగ్గర ఈ స్పీడ్ కూడా ఎక్కువే. అలాంటి చోట మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన సంస్థ పరిమితిని ఇంకా తగ్గించవచ్చు. అందుకు గెజిట్‌లో ప్రకటించి, రోడ్డు పక్కన బోర్డు పెట్టాలి. నెలలోపు ఆంక్షలకైతే గెజిట్ ప్రకటన అక్కర్లేదు.

లిమిట్ దాటితే కార్లకు రూ.1,000 నుంచి రూ.2,000, లారీలు, బస్సులకు రూ.2,000 నుంచి రూ.4,000 వరకు జరిమానా. మళ్లీ దొరికితే లైసెన్స్ స్వాధీనం చేసుకుంటారు. ‘స్పీడ్‌గా వెళ్లాడు’ అని ఒక్క సాక్షి అంచనాగా చెబితే సరిపోదు. స్పీడ్ గన్ లాంటి పరికరం లెక్క ఉండాల్సిందే.