గుంటూరు గ్రహణమును సూర్యుని గీతలును

మా గుంటూరివారిలో హీలియము ఈ యూరనే బయటపడినదని చెప్పుకొని మురియువారు పలువురు కలరు. వారి యుత్సాహమును చల్లార్చుట నా యుద్దేశము కాదు గాని, మనకు నిజముగా దక్కవలసిన కీర్తి వేఱొకటి యున్నది.

1868 ఆగస్టు 18, మంగళవారము; విభవ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య; సంపూర్ణ సూర్యగ్రహణము పట్టిన దినము. దానిని చూచుటకై పత్తివర్తకమునకు పేరుగాంచి, అప్పటికింకను కృష్ణాజిల్లాలోనే చేరియుండిన మా పట్టణమునకు ఫ్రెంచి పండితుడు పియెర్ జాన్సెనును, ఆంగ్ల సేనాధికారి మేజర్ టెనెంటును దుర్భిణులతో వచ్చి దిగిరి. మద్రాసు నక్షత్రశాలకు చెందిన పోగ్సన్ బందరును ఎన్నుకొనెను. ఊరివారు పట్టుస్నానములకును, జపములకును పోయియుందురు.

సంపూర్ణగ్రాసము ఐదు నిమిషములకు పైగా నిలిచినది. చంద్రబింబపు అంచును దాటి లేచిన అగ్నిశిఖలవంటివానిని జాన్సెన్ వర్ణపటదర్శినితో చూడగా, విడివిడిగా మెఱయు కొన్ని గీతలు మాత్రమే కానవచ్చినవి. ఒక్కొక్క మూలద్రవ్యమునకు తనవైన గీతలుండునని కిర్కాఫ్, బున్సెన్ పండితులు 1859 నాటికే కనుగొనియుండుటచే, ఆ శిఖలు కాగిన వాయువులనియు, అందలి ఎఱ్ఱగీత ఉదజనిదనియు తేటపడెను. అంత కాంతిగల గీతలు గ్రహణము లేకున్నను కనబడవలెను గదా యని జాన్సెనునకు తోచినది. ఆనాడు మబ్బు అడ్డుపడుటచే మఱునాటివఱకు ఆగవలసివచ్చెను. 19వ తేదీ ఉదయమున సాధనపు సన్నని చీలికలో సగము సూర్యబింబముపైనను, సగము అంచునకు వెలుపలను పడునట్లు నిలుపగా, బింబముపై నల్లగానుండిన గీతయే వెలుపల ఎఱ్ఱగా మెఱసినది! సెప్టెంబరు 4 వఱకు గుంటూరిలో ఎండకాచిన ప్రతిదినమును ఆయనకు గ్రహణదినమే యైనది.

ఆయన సెప్టెంబరు 19న కాకినాడనుండి వ్రాసిన లేఖయు, ఇంగ్లండులో అదే పద్ధతిని స్వతంత్రముగా సాధించిన లాకియరు వార్తయు అక్టోబరు 26న పారిసు అకాడమీకి ఒకేనాడు చేరినవి. శిఖల గీతలలోని పసుపుపచ్చగీత సోడియముది కాదని తేల్చి, హీలియమను క్రొత్త మూలద్రవ్యమును ఊహించిన ఘనత లాకియరుది. దానిని భూమిపై రామ్సే 1895లో పట్టుకొనెను.

అయితే ఏ ద్రవ్యము సూర్యునిలో ఎంతయున్నదో గీతల సంఖ్యనుబట్టి చెప్పరాదు. ఇనుపగీతలే లెక్కకు మిక్కిలిగానుండుటచే సూర్యుడును భూమివంటి సరుకుతోనే చేయబడెనని పలువురు నమ్మిరి. వేడిమికి పరమాణువులు విద్యుత్కణములను కోల్పోవు తీరును మేఘనాద సాహా 1920లో గణితబద్ధము చేయగా, దానిని ఆధారముగొని 1925లో సిసీలియా పేన్ గణించినపుడు, ఉదజనియే ఊహకందనంత అధికముగా తేలినది. పెద్దల యభ్యంతరముచే ఆమె ఆ ఫలితము నిజము కాకపోవచ్చునని వ్రాయవలసివచ్చెను. అభ్యంతరపెట్టిన రస్సెల్ మహాశయుడే 1929లో దానిని అంగీకరించెను. సూర్యుని బరువులో ఇంచుమించు నాలుగింట మూడుపాళ్లు ఉదజని, తక్కిన పాలు దాదాపు అంతయు హీలియము. ఇనుముతో సహా మిగిలినవన్నియు కలిసి నూటికి రెండుపాళ్లయినను లేవు. ఆ ఆగస్టు 19వ తేదీ ఉదయమున మా యూర మెఱసిన ఎఱ్ఱగీత ఆ మూడుపాళ్లదే.