భట్టిలోకి పోయిన టర్కీ

డిసెంబర్ 24. ఇంకా తెల్లారలేదు. సాగర్ రోడ్డు మీద ఎల్బీనగర్ వైపు పోయే తొలి బస్సుల లైట్లు పొగమంచులో మసగ్గా కదులుతున్నాయి. ఇబ్రహీంపట్నం గల్లీల్లోకి తిరిగేసరికి ఆ రొద తగ్గుతుంది, ఇంకో చప్పుడు వినపడుతుంది. రోడ్డు మీద హారన్ మోగినప్పుడల్లా ఓ రేకుల గేటు వెనక నుంచి గుడగుడమని జవాబు వస్తోంది. గేటు తోసుకుని లోపలికి రండి. వేపచెట్టుకు కాలు కట్టేసి ఉంది, రేపటి క్రిస్మస్ విందు.

మగ టర్కీ. మనల్ని చూడగానే ఒళ్ళంతా ఉబ్బించి, తోక విప్పి, రెక్కల అంచులు నేలకు రాస్తూ అడుగులో అడుగు వేస్తోంది. రొమ్ము మధ్యన నల్లటి బిరుసు వెంట్రుకల కుచ్చు. ముక్కు మీంచి ఒక పక్కకు జారి వేలాడే కండ. మెడ కింద బుడిపెలు నీలంగా ఉన్నవి చూస్తుండగానే ఎర్రబడ్డాయి. పెద్దమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని గడపలో నిలబడి ఎగాదిగా చూస్తోంది.

"ఏందిర గిది, కోడా గొర్రెనా?"

ఆమె ఆశ్చర్యంలో తప్పేం లేదు. మొఘల్ చక్రవర్తి జహంగీర్‌కీ అదే పరిస్థితి. 1612లో ముఖర్రబ్ ఖాన్ గోవా నుంచి తెచ్చిన వింతల్లో ఈ పక్షి ఉంది. దీని తలా మెడా ఊసరవెల్లిలా రంగులు మారుస్తున్నాయని జహంగీర్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ చేత బొమ్మ గీయించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. మెక్సికో అడవుల పక్షి ఆగ్రా కొలువుకు చేరేసరికి, ఈ ఊరికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్ షా పోయి 32 ఏళ్ళు.

మా పక్షిని దాన్ని పెంచినాయనే మంచాల వైపు నుంచి తెచ్చాడు. నాటుకోళ్ళతో పాటే వీటినీ నాలుగు పెంచుతాడు. ఇదే జిల్లాలోని రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రాల నుంచి వనరాజా, గ్రామప్రియ, రాజశ్రీ లాంటి పెరటి కోళ్ళు ఊళ్ళకు వచ్చాయి గాని, టర్కీ మాత్రం ఇష్టమున్నవాళ్ళ పక్షిగానే ఉండిపోయింది. ఎందుకో ఆయన మాటల్లో వినండి.

"కోడిగుడ్డు 21 రోజులకు పగుల్తది. దీనికి 28. పగిలినంక పిల్లలకు తినుడు రాదు. గింజలు ముంగట పోసినా చూసుకుంట చస్తయి. రంగు గోలీలు కలిపి పోస్తే మెరుస్తయని పొడుస్తయి. గట్ల పొడ్సి పొడ్సి నేర్సుకుంటయి. పెద్దగైతే మాత్రం ఇగ భయం లేదు, గడ్డి గూడ మేస్తది."

కోత మాట వదిలేద్దాం, అది ఏ కోడికైనా ఒకటే. తర్వాతి పనే వేరు. పొయ్యి మీద గంజులో నీళ్ళు మరుగుతున్నాయి. పెద్దమ్మ పక్షిని కాళ్ళు పట్టి ముంచబోతుంటే కోడలు ఆపింది. మరిగే నీళ్ళలో ముంచితే ఈకలతో పాటు తోలూ ఊడొస్తుంది. కూరకైతే పట్టింపు లేదు, ముక్కలు కొట్టేదే కదా. నిండుగా కాల్చేటప్పుడు తోలే దానికి మూత. ఎక్కడ చిరిగితే అక్కడ మాంసం ఎండిపోతుంది. చన్నీళ్ళు కలిపి, వేలు పెడితే చురుక్కుమని వెనక్కి తీసుకునేంత వేడికి దించారు. పీకుతుంటే తడి ఈకల వాసన పెరడంతా కమ్ముకుంది. రెక్కల ఈకలకు మాత్రం కటింగ్ ప్లేయర్ కావాల్సి వచ్చింది.

గడ్డి మంట దగ్గర మాత్రం పెద్దమ్మ ఎవరి మాటా వినలేదు. మంట మీద కాల్చి పసుపు రాయని కోడి కోడే కాదు ఆమెకు. వరిగడ్డి రాజేసి, సన్న నూగు చిటపటమని కాలేదాకా పక్షిని అటూ ఇటూ తిప్పింది. పసుపు రాసి కడిగితే తోలు లేత పచ్చగా తేలింది. ఆమె చేసింది మంచిదే. ఆ గడ్డి పొగ వాసన ఏ ఓవెన్లోనూ పుట్టదు.

ఇక పెద్దనాయన. కత్తిపీట ముందేసుకుని కూర్చున్నాడు, అలవాటు కొద్దీ.

"చిన్న ముక్కలా, పెద్ద ముక్కలా?"

"ముక్కలొద్దు నాయినా, అట్లనే ఉంచాలె."

కత్తిపీట దగ్గర ఆయన చేతులు ఏం చేయాలో తోచక ఆగిపోయాయి. చివరికి ఆయనకూ ఓ పని దొరికింది. బరువైన పక్షి కదా, పిక్కల్లో నరాలు ముదిరి పుల్లల్లా గట్టిపడి ఉంటాయి. తీయకపోతే కాలు తినేవాడి పళ్ళ మధ్య ఇరుక్కుంటాయి. పాదం పైన తోలును చుట్టూ గాటు పెట్టి, ఒక్కో నరాన్నీ ప్లేయర్‌తో పట్టి లాగాడు. తెల్లగా, తళతళలాడుతూ, బెత్తెడు పొడుగున ఊడి వచ్చాయి. లోపలి నుంచి గుండె, కార్జం, కందనకాయ తీసి పెద్దమ్మకు అప్పగించారు. అవి మధ్యాహ్నానికే వేపుడై పోయాయి. మెడ రేపటికి దాచారు.

శుభ్రం చేశాక ఏడు కిలోలు తూగింది. కోడలు కిలోకు పది గ్రాముల లెక్కన ఉప్పు తూచి, మిరియాల పొడి కలిపి, లోపలా బయటా రుద్దింది. తర్వాత రొమ్ము దగ్గర తోలు కింద వేళ్ళు దూర్చి, చిరగకుండా మెల్లగా విడదీసి, ఆ సందులో అల్లం వెల్లుల్లి ముద్ద, వెన్న, కాస్త కారం నింపింది. కారం తోలు పైన రాస్తే గంటలోపే మాడి నల్లబడుతుంది. తోలు కింద ఉంటే మాంసానికి పడుతుంది. ఫ్రిజ్‌లో రెండు అరలు తీసేస్తే గాని ఆ పళ్ళెం పట్టలేదు. పెద్దమ్మ మూత పెట్టింది. ఆమె అటు పోగానే కోడలు తీసేసింది. ఉప్పు ముందు నీటిని బయటికి లాగుతుంది, రాత్రంతా ఉంచితే ఆ ఉప్పునీటినే మాంసం మళ్ళీ పీల్చుకుంటుంది. మూత లేకపోతే తోలు ఆరి, రేపు కరకరలాడుతుంది. ఈ శాస్త్రం పెద్దమ్మకు చెప్పే ధైర్యం ఎవరూ చేయలేదు.

లోపల కీమా, ఉడికిన గుడ్లు కూరుదామని బావ గట్టిగానే అడిగాడు. ముర్గ్ ముసల్లం తిన్న ఊరి మనిషి, అడగడంలో న్యాయం ఉంది. కానీ అది చిన్న కోడి. ఏడు కిలోల పక్షి కడుపు నింపితే వేడి నడిమికి చేరేసరికి పైన రొమ్ము పీచైపోతుంది. చేరకపోతే ఆ కీమా తిన్నవాళ్ళు పండగ పూట ఆస్పత్రి పాలు. ఉల్లిగడ్డ, నిమ్మచెక్కలు, పుదీన, నాలుగు లవంగాలు, దాల్చినచెక్క, అంతే. బగారన్నం విడిగా.

ఇప్పుడు 25 పొద్దున్నే. రాత్రి ఆరాధన నుంచి వచ్చి పడుకున్నవాళ్ళు ఇంకా లేవలేదు. చర్చి మీది నక్షత్రం పగటి వెలుగులో కూడా వెలుగుతూనే ఉంది. బావా మేమూ తలో పక్క పళ్ళెం పట్టుకుని బేకరీ వెనక తలుపు దగ్గర నిలబడ్డాం. ఏ ఇంటి ఓవెన్లోనూ ఇది పట్టదు. క్రిస్మస్‌కు కేకు పిండి కలుపుకుని బేకరీ భట్టికి తీసుకుపోవడం జంటనగరాల్లో పాత అలవాటే. పిండి తెచ్చేవాళ్ళను చూసిన ఉస్తాద్, పళ్ళెంలో ఉన్నదాన్ని చూసి బనీను మీద చేతులు తుడుచుకున్నాడు.

"యే క్యా హై భాయ్? గింత పెద్దది లోపటికి పోతదా?"

భట్టి నోటిని జానతో కొలిచాడు. పక్షి రొమ్ము ఎత్తును కొలిచాడు. వేలెడు సందు మిగిలింది.

లోపలికి తొంగి చూడండి. ఇటుకల గుమ్మటం, చీకటి, ముఖానికి తగిలే పొడి వేడి. రాత్రంతా కట్టెలు మండి, బన్నులూ కేకులూ దిగి, ఇప్పుడు నిప్పులు ఒక మూలకు నెట్టి ఉన్నాయి. ఇటుకలు తాగిన వేడి మెల్లగా దిగుతోంది. మనకు కావాల్సింది అదే. ఉస్తాద్ గుప్పెడు మైదా తీసి గచ్చు మీదికి చల్లి నోట్లోనే అంకెలు లెక్కపెట్టాడు. పిండి వెంటనే నల్లబడితే వేడి ఎక్కువ. తెల్లగానే ఉంటే చాలదు. అది నెమ్మదిగా గోధుమ రంగుకు తిరిగింది. తల ఊపాడు. రెక్కల కొసలకు రేకు చుట్టి, కాళ్ళు రెండూ దారంతో కట్టి, పొడుగు కట్టె పలక మీద పళ్ళెం పెట్టి లోపలికి తోశాడు. కాళ్ళు లోపలి గోడ వైపు, రొమ్ము తలుపు వైపు. తొడ మాంసం ఉడకడానికి ఎక్కువ వేడి కావాలి, రొమ్ముకు తక్కువ చాలు. ఇది ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇనుప తలుపు వేసి, అంచుల సందుల్లో తడి గోనె కుక్కాడు.

ఇక అసలు కష్టం మొదలైంది. చేయడానికేమీ లేదు.

మన వంటలో చెయ్యి ఊరికే ఉండదు. కలుపుతాం, మూత తీసి వాసన చూస్తాం, గరిటెతో రసం తీసి అరచేతిలో వేసుకుని నాకి, ఉప్పు చాలకపోతే వేస్తాం, కారం ఎక్కువైతే ఇంత పుల్లటిదేదో పోస్తాం. తప్పును దారిలోనే దిద్దుకునే వంట మనది. ఇందులో నిన్న రాత్రి వేసిన ఉప్పే ఉప్పు. తలుపు మూశాక దిద్దుబాటు లేదు. దొరల దేశపు వంట చప్పగా, సులువుగా ఉంటుందని మనం నవ్వుతాం గానీ, చేతులు కట్టుకుని మూడు గంటలు కూర్చోమంటే మనలో ఎంతమంది కూర్చుంటారు? పెద్దమ్మ కూర్చోలేకపోయింది. చర్చికి పోయే పట్టుచీరతోనే బేకరీకి వచ్చేసింది.

"ఓసారి తియ్యి బిడ్డా, చూద్దాం."

"తలుపు తీస్తే వేడి మొత్తం పోతది అమ్మా. మీరు ప్రేయర్‌కు పోండి. నేనున్న గదా."

తొలి గంట ఇనుప తలుపు వాసనే. రెండో గంటలో వెన్న, మిరియం, వెనకాలే ఆ గడ్డి పొగ. బన్నుల కోసం వచ్చినవాళ్ళు కౌంటర్ దగ్గరే ఆగి, లోపల ఏం చేస్తున్నారని అడగడం మొదలైంది. గోనె తీసి తలుపు తెరిచినప్పుడు తోలు ఎర్రటి రాగి రంగులో బిగిసి ఉంది. అడుగున కొవ్వు చిటపటలాడుతోంది. కోడలు అమెజాన్‌లో తెప్పించిన థర్మామీటర్ పుల్లను రొమ్ములో గుచ్చింది, 70. తొడలో, ఎముకకు తగలకుండా, 66. కావాల్సింది 74. రొమ్ము మీద రేకు కప్పి, ఉస్తాద్ పళ్ళేన్ని నిప్పుల మూలకు జరిపాడు. ఆయనకు ఆ అంకెల మీద నమ్మకం లేదు. కాసేపాగి కాలు కొస పట్టుకుని ఊపి చూశాడు. కీలు వదులుగా ఆడింది. తొడ మడతలో పుల్ల గుచ్చితే నీరు గులాబీ రంగు లేకుండా తేటగా కారింది. "హో గయా" అన్నాడు. థర్మామీటర్ 75 చూపించింది. డబ్బులు తీసుకోనన్నాడు, రెక్క ఒకటి పంపమన్నాడు.

ఆటోలో పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని వస్తుంటే కొవ్వు ప్యాంటు మీద ఒలికింది. ఇంటికి రాగానే కోయకూడదు. అరగంట ఆగాలి, లేకపోతే కోసిన చోటల్లా రసం కారిపోతుంది. ఆ అరగంటే పెద్దమ్మకు దొరికిన సందు. పళ్ళెం అడుగున మిగిలిన కొవ్వూ రసం గంజులోకి వంచింది, మెడ ఉడికించిన నీళ్ళు పోసింది, నాలుగు పచ్చిమిర్చి చీల్చి వేసింది, కొత్తిమీర చల్లింది. అరచేతిలో చుక్క వేసుకుని నాకింది. నిన్నటి నుంచి మొదటిసారి ఆమె ముఖం తేరుకుంది.

పెద్దనాయన కోశాడు. కత్తిపీట కాదు, చాకు. రొమ్ము అడ్డంగా పలుచగా కోస్తుంటే తెల్లటి ముక్కల అంచున పసుపూ కారం గీతలా కనపడింది. పైన బగారన్నం, పక్కన పెద్దమ్మ రసం. రొమ్ము ఎండలేదు, కానీ రుచంతా తొడలోనే ఉంది. నాటుకోడి కంటే మెత్తన, మేక కంటే తేలిక. రసం లేకుండా రొమ్ము ముక్క ఒక్కటే తిన్నవాళ్ళెవరూ లేరు.

గొడవ కాళ్ళ దగ్గర వచ్చింది. కోడి కూర ఉన్న ఇంట్లో కాలు ఎవరికో వేరే చెప్పక్కర్లేదు, ఒకటి అల్లుడికి, ఒకటి చిన్నపిల్లకు. ఇక్కడ ఒక్కో కాలు అర కిలోకు తక్కువ లేదు. చిన్నపిల్ల దాన్ని రెండు చేతులతో ఎత్తి, మోయలేక మళ్ళీ పెట్టేసింది. బావ తన విస్తరిలోకి వచ్చిన కాలు వైపు చూసి, మెల్లగా బామ్మర్ది వైపు జరిపాడు.

"గట్ల నడ్వది బావా," అన్నాడు వాడు, విస్తరి వెనక్కి లాక్కుంటూ. "అల్లుడివి నువ్వు. నువ్వే తినాలె."

పెద్దమ్మ అప్పటికే గరిటెతో రసం పట్టుకుని ఆయన వెనక నిలబడి ఉంది.